ఖరగ్‌పూరు దారిలో లలితగీతము

హౌరానుండి చెన్నపట్నమునకు పోవు రైలుదారిలో మొదటి పెద్దకూడలి ఖరగ్‌పూరు. 1887లో ఏర్పడిన బెంగాలు నాగపూరు రైల్వే కంపెనీ 1900లో రూపనారాయణ నదిపై కోలాఘాటు వంతెనను పూర్తిచేసి ఈ స్థలమును హౌరాతో కలిపెను. అంతకు కొన్ని ఏండ్లముందే బెజవాడనుండి కటకమువరకు తూర్పుకోస్తా రైలుమార్గము వేయబడియుండెను. దాని ఉత్తరభాగము 1902లో ఈ కంపెనీ వశమయ్యెను. వాల్తేరునకును ఖరగ్‌పూరునకును యజమాని యొక్కడే యగుటతో విశాఖ, విజయనగరము, శ్రీకాకుళము సీమల తెలుగువారు వర్కుషాపులోను లోకోషెడ్డులోను పనులకై ఇచ్చటికి తరలివచ్చిరి. ఫిట్టరులు, కలాసీలు, ఫైర్‌మనులు, గుమాస్తాలు, గార్డులు - వీరి కుటుంబములతో బెంగాలు నడుమ నొక తెలుగుపేట వెలసెను. ఆ వలసకథ అందరును ఎరిగినదే. అవే పట్టాలమీద ఒక పాటయు ప్రయాణము చేసినదను సంగతి మాత్రము అంతగా తలపునకు రాదు.

ఆ పాట లలితగీతము. నేటి యువకులు పాశ్చాత్యదేశముల వాద్యబృందములలో గొంతెత్తక, కలలో మాటాడుకొనునట్లు పాడువారిని ఎంత మక్కువతో చెప్పుకొందురో, 1940 ప్రాంతమున తెలుగు యువజనులు అంత మక్కువతోను సాలూరి రాజేశ్వరరావు, బాలసరస్వతీదేవుల గ్రామఫోను పలకలను చెప్పుకొనుచుండిరి. మక్కువకు కారణమును ఒక్కటే. పాడువాడు సభనుద్దేశించి గాక తన ప్రక్క కూర్చున్న యొక్కరి నుద్దేశించి పాడుచున్నట్లు తోచుట.

ఇది అంతకుముందు తెలుగువారి యలవాటు కాదు. మన నాటకరంగము పద్యమునకు పట్టముగట్టినది. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి గాయకనటులు హార్మోనియము శ్రుతిలో పద్యమెత్తుకొని రాగమును సాగదీయుచుండ, పందిరి చివరివరుసలోనివాడును తల యూపవలెను. శబ్దవర్ధకములు లేని కాలమున గొంతు అంతదూరము పోకున్నచో నటుడు నటుడే కాడు. జనులు "వన్స్‌మోర్" అని కేకవేయుదురు; చచ్చిపడిన పాత్ర లేచి పద్యము మరల పాడి, మరల చచ్చును. ఈ సంప్రదాయమును చులకన చేయ పనిలేదు. అందు బలమున్నది, సామూహికమైన ఆనందమున్నది. అయితే అందు రహస్యమునకు చోటులేదు.

ఆ చోటును కల్పించినది ఒక యంత్రము. 1925కు పూర్వము పలకపై పాట నెక్కించుటకు గాయకుడు ఒక పెద్దకొమ్ములోనికి బిగ్గరగా పాడవలసియుండెను. ఆ ఏట విద్యుత్తుచే ధ్వనిముద్రణ చేయు పద్ధతి అమెరికాలో వ్యాపారమునకు వచ్చెను. మైక్రోఫోను ముందర గుసగుసయు పాటయే యైనది. బింగ్ క్రాస్బీ మొదలగు అమెరికా గాయకులు దాని మర్మమును గ్రహించిరి. మనదేశమున అట్లు గ్రహించిన నగరము కలకత్తా. 1929 నుండి పంకజ మల్లిక్ కలకత్తా రేడియోలో శ్రోతలకు పాటలు నేర్పసాగెను. 1931లో బి.ఎన్. సర్కారు స్థాపించిన న్యూ థియేటర్సు సంస్థలో రాయ్‌చంద్ బొరాల్, పంకజ మల్లిక్, కుందన్‌లాల్ సైగల్ మొదలగువారు చేరి, తక్కువ వాద్యములతో, తగ్గించిన గొంతుతో హృదయమును కదలించు పద్ధతికి బాటవేసిరి. సైగల్ పాటలో విషాదమున్నది గాని, విలాపములేదు.

తెలుగు టాకీలకును తొలినాళ్లలో కలకత్తాయే దిక్కు. ఈస్టిండియా ఫిల్ము కంపెనీవారు సి. పుల్లయ్య దర్శకత్వమున "సావిత్రి"ని 1933లోను, "లవకుశ"ను 1934లోను అచ్చటనే నిర్మించిరి. వేషధారులు, పాటగాండ్రు, మేళగాండ్రు కోస్తాజిల్లాలనుండి రైలెక్కి కలకత్తా చేరుచుండిరి. ఆ రైలు ఖరగ్‌పూరులో నాగుచుండెను.

అట్లు పోయినవారిలో సాలూరి రాజేశ్వరరావు ఒకడు. ఆయన 1922లో సాలూరు చెంత శివరామపురమున జన్మించెను. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు. బాల్యముననే ఆయన గొంతు గ్రామఫోను పలకల కెక్కినది. 1935లో వచ్చిన "శ్రీకృష్ణలీలలు" చిత్రమున కృష్ణవేషము దక్కినది. పిమ్మట చలనచిత్రముల పనిమీదనే కలకత్తా చేరి, సైగల్, బొరాల్, పంకజ మల్లిక్‌ల సంగీతమును దగ్గరనుండి వినెను. సాలూరునకు బొబ్బిలినుండి చీలిన చిన్నశాఖ కలదు. ఖరగ్‌పూరు వర్కుషాపులో పనికై ఆ ప్రాంతమునుండి రేకుపెట్టెతో బయలుదేరిన యువకునిదియు, సంగీతమునకై బయలుదేరిన ఈ బాలునిదియు ఒకటే దారి. ఒకడు ఖరగ్‌పూరులో దిగెను. మరియొకడు ఇంకొక 116 కిలోమీటర్లు ముందుకు పోయెను.

కలకత్తానుండి ఆయన తెచ్చినది వంగదేశపు వరుసలను కాదు. అట్లు తెచ్చియుండినచో అది అనుకరణమై నాలుగేండ్లలో మాసిపోయెడిది. ఆయన తెచ్చినది మితము. ఎచ్చట ఆగవలెనో, ఏ వాద్యమును మాన్పవలెనో తెలిసిన మితము. పల్లవి అందుకొనుటకు ముందు ఒకింత నిశ్శబ్దము, చరణము తుదను గాలిలో కరగిపోవు ఒక గమకము, యమున, వెన్నెల, తుమ్మెద, రాధయొక్క అలుక - భావకవుల సామగ్రియే యైనను, దానిని పద్యమువలె చదువక ఊపిరివలె విడుచుట తెలుగున క్రొత్త. ఆయనతో కలిసి పాడిన బాలసరస్వతీదేవి 1928లో జన్మించినది. ఆనాటి కామె యింకను చిన్నది. గూడవల్లి రామబ్రహ్మము 1940లో తీసిన "ఇల్లాలు" చిత్రమున వీరిరువురును నటించిరి. సినిమాలతో సంబంధములేక కేవలము వినుటకే వెలువడిన వీరి పలకలు మాత్రము సినిమాపాటలకంటె ఎక్కువకాలము నిలిచినవి. తెరపై బొమ్మలేదు, కథలేదు, ముఖములేదు. వినువాడు తన కథను తానే అందు పెట్టుకొనవలెను.

ఇంకొక విశేషము. గ్రామఫోను కంపెనీవారి పలకలఫ్యాక్టరీ 1928 నుండి కలకత్తా చెంత డమ్‌డమ్‌లో నుండెను. హిజ్ మాస్టర్స్ వాయిస్ ముద్రతో వచ్చిన తెలుగుపాట చెన్నపట్నమున పాడబడినను, పలకగా అచ్చుపడుట బెంగాలులోనే. తెలుగుదేశమునకు పోవలసిన పాట మొదట బెంగాలులో పుట్టి, ఖరగ్‌పూరు మీదుగ దక్షిణమునకు దిగుచుండెను. తాము నడపు గూడ్సుబండిలో తమ మాతృభాష పాట పెట్టెలలో కదలిపోవుచున్నదని ఎందరు గార్డులకు తెలియును?

రేడియో ఈ పాటకు రెండవ ఇల్లైనది. మదరాసు కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమయ్యెను. 1941లో అందు చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు తానే వ్రాసి, తానే వరుసకట్టి, పాడించి, లలితసంగీతమునకు శాస్త్రజ్ఞుని శ్రద్ధను, కవి సౌకుమార్యమును ఒక్కచోట చేర్చెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసినపిమ్మట తెలుగుపాట తెలుగుగడ్డనుండియే వినవచ్చెను.

ఖరగ్‌పూరునకు విజయవాడ రైలుదారిన ఇంచుమించు 1,100 కిలోమీటర్లు. మధ్యతరంగ ప్రసారము పగటివేళ అంతదూరము రాదు. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఆకాశపు పైపొరలనుండి పరావర్తనమొంది దూరమునకు పోగలదు. అట్లు వచ్చిన ధ్వని నిలుకడగా నుండదు. అలవలె లేచి, సన్నగిలి, మరల లేచును. పద్యమును అట్లు వినుట చిరాకు. లలితగీతమును అట్లు వినుట వేరు. పాటయే మెల్లనిదగుటచే, దూరము దాని మెత్తదనములో కలిసిపోవును. వర్కుషాపు కూతలకు మేల్కొని, ఇంజనుల చప్పుడులో పనిచేసి, రైల్వేక్వార్టరు చేరిన మనుష్యునకు రాత్రి అట్టి పాట ఏమగునో ఊహించుట కష్టము కాదు.

ఈ యభిమానము బయటకు కనబడునది కాదు. సినిమానటులకు కట్టినట్లు దీనికి తోరణములు కట్టలేదు. గాయకుడు రైలుదిగినచో గుమిగూడిన జనము లేదు. ముఖమే తెలియని గాయకుని ఎవరు గుర్తింతురు? పలకకు ఒకవైపు మూడునిమిషములకు మించి పట్టదు. స్ప్రింగు త్రిప్పవలెను, ముల్లు మార్చవలెను, పలక పగులకుండ కాగితపుసంచిలో పెట్టవలెను. ఇంత సేవచేసి మూడునిమిషములు వినుట, వెంటనే మరల వినుట - అభిమానుల వ్రతమంతయు నింతే. రేడియోపాటకు ఇంకొక వ్రతము. తొలినాళ్ల ప్రసారములలో పెక్కు అప్పటికప్పుడు పాడినవి. ప్రసారము ముగిసినతోడనే పాట గాలిలో కలిసిపోవును. అందుచే వినుచునే సాహిత్యమును నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. అందని పాదమునకు ఖాళీ వదలి, మరల ఎప్పుడు ప్రసారమగునా యని కాచుకొనవలెను.

సినిమా ఈ మితభాషణమును ఒకమారు నెత్తిన పెట్టుకొన్నది. 1951లో బి.ఎన్. రెడ్డి "మల్లీశ్వరి"కి దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు వ్రాయగా, రాజేశ్వరరావు సంగీతము కూర్చెను. గ్రామఫోను పలకలలో పదిపండ్రెండేండ్లు పెరిగిన మెత్తదనమే అందు నిండుగా పూచినది. 1953 నాటి "దేవదాసు" శరత్‌బాబు కథ, దానికి సి.ఆర్. సుబ్బరామన్ వరుసలు, ఘంటసాల గొంతు. బెంగాలీ పొరుగువారికి ఈ కథ అనగానే 1935 నాటి న్యూ థియేటర్సు చిత్రము స్ఫురించును, తెలుగువారికి ఘంటసాల స్ఫురించును. ఒక గోడకు ఇరుప్రక్కల ఒకే దుఃఖమునకు రెండు వేర్వేరు పాటలుండుట ఖరగ్‌పూరు వంటి యూరికే చెల్లును.

తరువాతి కథ అంత సంతోషకరము కాదు. లలితగీతము వ్యాపారమునకు లాభసాటి కాలేదు. సినిమాపాటల అమ్మకముముందు విడిపలకలు వెనుకబడినవి; 78 చుట్ల పలకల తయారీయే 1970 ప్రాంతమున మనదేశమున నిలిచిపోయినది. లక్కతో చేసిన పలక చేయిజారినచో ముక్కలగును; ఇల్లు మారునపుడు, బదిలీ యైనపుడు మొదట పగులునదియు నదియే. బదిలీలపై బ్రదుకు గడుపు ఉద్యోగికుటుంబములకు ఈ నష్టము వేరుగా వివరింప నవసరములేదు. రజనీకాంతరావు గీతములు కొన్ని "శతపత్రసుందరి" అను సంపుటముగా అచ్చయినవి గాని, అచ్చులో వరుస దొరకదు. నేడు మనకు వినబడు ఆనాటి పాటలలో పెక్కింటిని కంపెనీలు గాక, పాతసామానుల అంగళ్లలో పలకలను వెదకి కొని, కడిగి, వానిని నేటి యంత్రముల కెక్కించిన అభిమానులే మిగిల్చిరి.

2020 డిసెంబరులో పశ్చిమబెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నిచ్చుట కామోదించెను. ఖరగ్‌పూరు తెలుగువారి సంఖ్యయే దానికి ప్రధానకారణము. గుర్తింపు వచ్చినది, సంతోషము. అయితే ఉత్తరువు బడికి పుస్తకమును తేగలదు గాని, ఇంటికి చెవిని తేలేదు. తెలుగు మాటాడుచు తెలుగు చదువనేర్వని బాలునకు కృష్ణశాస్త్రి చేరవలసిన మార్గము చెవియొక్కటే. ఆ మార్గమున ఇప్పటికిని నిలిచియున్నవి ఈ మూడునిమిషముల పాటలు.

రాజేశ్వరరావు 1999లోను, రజనీకాంతరావు 2018లోను గతించిరి. వారి తరపు పలకలు ఇంకను కొన్ని యిండ్ల అటకలపై నున్నవి. అట్టి పలకను వెలుతురులో వంచి చూచినచో దాని యజమాని ఏ పాటను ప్రేమించెనో తెలియును. ముల్లు మాటిమాటికి నడచిన వైపు బూడిదవన్నెకు తిరిగియుండును, రెండవవైపు క్రొత్తదివలె నల్లగా మెరయుచుండును.