రిచర్డ్ వారెన్ కుటుంబ మూలాలు
1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికాలోని ప్లిమత్ చేరి, 1628లో మరణించిన ఇంగ్లండ్ వలసదారు రిచర్డ్ వారెన్. ఇతని భార్య ఎలిజబెత్ పుట్టింటివారు వాకర్‌లని చెప్పడానికి తొలి ఆధారం హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని గ్రేట్ ఆమ్‌వెల్ చర్చి రిజిస్టరు. 1610 ఏప్రిల్ 14న రిచర్డ్ వారెన్‌కూ ఎలిజబెత్ వాకర్‌కూ పెళ్లయినట్టు అందులో ఉంది. ఆ పేర్లవాళ్లు ఇంగ్లండ్‌లో కోకొల్లలు కదా అన్న ఆక్షేపణ సబబే. పేరు కలిసినంత మాత్రాన మనిషి అతడే కానక్కర్లేదు. అయితే ఆగస్టీన్ వాకర్ 1613 నాటి తన వీలునామాలో కూతురు ఎలిజబెత్ వారెన్‌నూ, ఆమె పిల్లలు మేరీ, ఆన్, సారాలనూ పేర్కొన్నాడు. 1623లో తల్లితో ప్లిమత్ వచ్చిన అయిదుగురు ఆడపిల్లల్లో పెద్దవాళ్లు ముగ్గురి పేర్లూ ఇవే, వరుస కూడా ఇదే. ఇంత పొందికను కాకతాళీయమనడం కష్టం. రిచర్డ్‌ను ప్రభువంశాలకు ముడిపెట్టిన పాత వంశవృక్షాల వెనక మాత్రం ఇలాంటి కాగితం ఒక్కటీ లేదు.