సీసాలో వచ్చిన సాక్ష్యము

సముద్రములో విడిచిన సీసా యెంతదూరము పోగలదు? ఈ ప్రశ్న బాలుర వినోదమునకే తగినదని కొందఱు తలపవచ్చును. కాని సీసాలో దొరికిన చీటి యొక్కటియే తమవారి మరణమునకు సాక్ష్యముగా మిగిలిన కుటుంబములు చరిత్రలో గలవు. అట్టిచోట నిది వినోదము గాదు. దేనిని ప్రమాణముగా గైకొనవలెను, దేనిని గైకొనరాదు అను వివేకమునకు సంబంధించిన విషయము. కావున దీనిని గొంచెము విచారింతము.

1493వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన, అట్లాంటికు సముద్రమున కావలనున్న దీవులను గనుగొని మరలివచ్చుచున్న కొలంబసు అజోర్సు దీవుల సమీపమున పెనుగాలిలో జిక్కుకొనెను. తన యోడ మునిగినచో తాను గన్న దేశముల వార్తయు తనతోడనే మునుగునని వెఱచి, ఆతడు జరిగినదంతయు తోలుకాగితముపై వ్రాసి, మైనపుగుడ్డలో జుట్టి, పీపాలో బెట్టించి నీటిలో వేయించెను. ఓడ మునుగలేదు. కొలంబసు తన వార్తను తానే తెచ్చి చెప్పుకొనెను. పీపా మాత్రము నేటివఱకును దొరకలేదు. సముద్రము తనకిచ్చినదాని నెల్ల మరల నప్పగింపదు. ఒడ్డు చేరినవానిని గూర్చియే మనము విందుము. చేరనివానిని లెక్కించువా రరుదు. సీసాల ప్రయాణము లంత యద్భుతములుగా దోచుటకు ఇది యొక కారణము.

ఇక మన విచారణకు ముఖ్యమైన సంగతి. అమెరికావారి కాలిన్సు కంపెనీకి జెందిన ‘పసిఫిక్’ అను పొగయోడ 1856 జనవరి 23వ తేదీన లివర్‌పూలు రేవునుండి న్యూయార్కునకు బయలుదేఱెను. అందు 45 మంది ప్రయాణికులును 141 మంది యోడ సిబ్బందియు నుండిరి. ఆ 186 మందిలో నొక్కరును మరల గనబడలేదు. కొలది దినములకు వెనుకనే బయలుదేఱిన ‘పర్షియా’ అను నోడ దారిలో మంచునకు దాకి, దెబ్బతిని న్యూయార్కు జేరెను. అందుచేత పసిఫికునుకూడ మంచుకొండయే ముంచియుండునని జనులు తలంచిరి.

ఐదేండ్లు గడచెను. 1861లో స్కాట్లండునకు పడమటనున్న హెబ్రిడీసు దీవులలో, యూయిస్టు తీరమున, ఒక సీసా దొరికెను. తాను పసిఫికు నోడలో నున్నాననియు, ఓడ మునుగుచున్నదనియు, నలుదెసల మంచుకొండలున్నవనియు, తనవారు సందేహములో మగ్గకుండుటకై కారణమును వ్రాయుచున్నాననియు, దొరికినవారు దీనిని బ్రకటింపవలెననియు నందలి చీటిలో నుండెను. క్రింద నొక పేరును గలదు. తేదీ లేదు, ఓడ యే యక్షాంశ రేఖాంశములలో నున్నదో ఆ గుర్తును లేదు. ఐదేండ్లు వీధితలుపువైపు జూచుచుండిన తల్లి యిట్టి చీటిని నమ్మినచో నామెను దప్పుపట్ట మాకు నోరాడదు. కాని చరిత్ర వ్రాయువాడు నమ్మవలెనన్న మఱికొంత కావలెను.

సందేహించువారు మొదట దూరమును జూపుదురు. పలుచని గాజుబుడ్డి యంత మహాసముద్రమును దాటుట యెట్లు? లెక్క చూతము. న్యూఫౌండ్లండునకు తూర్పున మంచుకొండలు దిరుగు ప్రాంతమునుండి యూయిస్టునకు సుమారు 3,000 కిలోమీటర్లు. అమెరికా తీరమును విడిచి ఈశాన్యముగా సాగు గల్ఫు ప్రవాహము, ఉత్తర అట్లాంటికు ప్రవాహమై బ్రిటిషు దీవులవైపు వచ్చును. అచ్చట పడమటిగాలులును ప్రబలములు. సీసా నీటివెంట బోవును. పైకి దేలిన భాగమును గాలియు ద్రోయును. ఇక వేగమునకు నిదర్శనము. 1992 జనవరిలో ఉత్తర పసిఫికు సముద్రము నడుమ నొక సరకుల యోడనుండి జాఱిపడిన పెట్టెలోని బాతులు, కప్పలు, తాబేళ్లు మొదలగు స్నానపు బొమ్మలు, పదినెలల పిమ్మట అలాస్కాలోని సిట్కా తీరమునకు గొట్టుకొనివచ్చినవి. సుమారు 3,200 కిలోమీటర్ల దూరమది. అనగా దినమునకు పది కిలోమీటర్లకు మించిన నడక. ఇంచుమించు అట్టి నడకయే నడచినను మన సీసాకు 300 దినములు చాలును. ఐదేండ్లు ధారాళమైన గడువు. కావున దూరమును మాత్రమే చూపి యీ చీటిని ద్రోసివేయుట తగదు.

అయినచో చీటి నిజమేనా? ఇచ్చటనే మనము నిలిచి యాలోచింపవలెను. రాగలదనుట వేఱు, వచ్చినదనుట వేఱు. మంచుకొండల నడుమ విడిచిన సీసా యూయిస్టు చేరగలదు. మఱియొక యోడలోని కుచేష్టితుడు విడిచినదియు జేరగలదు. యూయిస్టు ఒడ్డుననే యొకడు వ్రాసి యిసుకలో బెట్టినదియు నచ్చటనే యుండగలదు. చేరిన చోటు మూడింటికి నొక్కటియే. బయలుదేఱిన చోటును చేరిన చోటు చెప్పజాలదు. మన కోస్తా సముద్రమునే చూడుడు. ఫిబ్రవరి మొదలు మే వఱకు తీరపు నీరు ఈశాన్యమునకు బాఱును. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు నైరుతికి బాఱును. మచిలీపట్టణమున కెదుట విడిచిన సీసాయే నెల మాఱినచో దిక్కు మార్చుకొనును. ఏ నెలలో, ఎచ్చట విడిచిరో తెలియనిదే దాని ప్రయాణమును గూర్చి చెప్పునదెల్ల నూహయే.

నైయాయికులు ఆప్తుని వాక్యమునే ప్రమాణమనిరి. యథార్థము నెఱిగి, యథార్థమునే పలుకువాడు ఆప్తుడు. చీటి వ్రాసినవా డట్టివాడని మన కెవరు చెప్పిరి? పేరు ప్రయాణికుల పట్టికలో గనబడినను, పట్టికను జదివినవా రెవ్వరైన నా పేరు వ్రాయగలరు. మఱియు నా చీటి చెప్పిన సంగతి లోక మప్పటికే యనుకొనుచున్న సంగతియే. నమ్మిక కనుకూలముగా వచ్చిన సాక్ష్యమును మఱింత జాగ్రత్తగా బరీక్షింపవలెను. 1991లో, వేల్సుకు వాయవ్యమున ఆంగ్లిసీ దీవికి జేరువ సముద్రములో, పసిఫికు శకలము దొరికెనని ప్రకటన వెలువడెను. అది నిజమైనచో ఓడ మంచుకొండల జాడయే లేనిచోట మునిగినది, చీటి కూటలేఖయే. కాని యా ప్రకటననుకూడ నిదే త్రాసున దూచవలెనుగదా! ఒక సందేహమును దీర్చుటకు మఱియొక నమ్మకమును దెచ్చిపెట్టరాదు.

మఱి నమ్మదగిన సీసా యెట్టిది? 1864 మొదలు 1933 వఱకు జర్మనులు ప్రవాహముల గతి నెఱుగుటకై వేలకొలది సీసాలను ఓడలనుండి విడిపించిరి. అందొకటి 2018 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియా తీరపు టిసుకలో దొరికెను. అందలి యచ్చుకాగితముపై ‘పౌలా’ యను నోడ పేరును, 1886 జూన్ 12వ తేదీయు, హిందూ మహాసముద్రములో నది విడువబడిన చోటును వ్రాయబడియున్నవి. అచ్చటి వస్తుప్రదర్శనశాలవారు అంతటితో దృప్తిపడలేదు. జర్మను దేశమున భద్రపఱుపబడిన ఆ యోడ దినచర్యను వెదకించిరి. ఆ తేదీక్రింద సీసాను విడిచినట్లు వ్రాత గలదు, చోటు సరిపోయినది, చేవ్రాలునుబట్టి చూచినను సరిపోయినది. ఒకరి నొక రెఱుగని రెండు సాక్ష్యములు, 132 ఏండ్ల యెడమున నొక్కమాట చెప్పినవి. ప్రమాణమనగా నిది.

ఆ సీసా యెంతదూరము వచ్చినది? విడిచిన చోటునకు తీరము 950 కిలోమీటర్లు మాత్రమే. ఒక సంవత్సరములోపలనే యొడ్డు జేరి, తక్కిన కాలమెల్ల నిసుకక్రింద నుండెనని పరిశోధకుల యూహ. దొరకుటకు బట్టిన కాలము దిరిగిన దూరమును దెలుపదు. నూఱేండ్ల సీసా యనగానే భూగోళమంతయు దిరిగివచ్చెనని తలచువారు ఈ సంగతిని గమనింతురు గాక.

తేదీ లేని చీటి, చోటు లేని వార్త, చెప్పినవా డెవడో తెలియని మాట — ఇట్టివి సముద్రమున మాత్రమే తేలుచుండవు. చేతిలోని ఫోనులో దినమునకు పది వచ్చి మన గుమ్మములు దాటి, పిల్లల చెవుల బడుచున్నవి. “ఇట్లు జరుగవచ్చును గదా” యని యొకరనగా, “జరిగినది” యని రెండవవారు చెప్పుదురు. ఆ రెండు మాటల నడుమనున్న దూరము అట్లాంటికు సముద్రముకంటె విశాలమైనది. దానిని దాటించుటకు దినచర్యవంటి రెండవ సాక్ష్యము కావలెను.

పసిఫికు నోడలోని 186 మంది యెచ్చట, ఏ విధమున గతించిరో తెలియదు. ఈ మాట వారి బంధువులకు గఠినముగా దోచియుండును. కాని యెవడో వ్రాసిన మూడు పంక్తుల కథను వారి చేతిలో బెట్టి కన్నీరు తుడుచుటకంటె, తెలియనిదానిని తెలియదనియే చెప్పుట ఆ మృతులయెడ మనము చూపదగిన గౌరవము.