అద్దమున గనుపించు మృతులు

మరణించిన ఆప్తులను మరల నొక్కసారి చూడవలెనని కోరని గృహము లేదు. మన పల్లెలలో అంజనము వేయువారు పోయిన సొమ్మును జూపుదుమందురు. ప్రాచీన గ్రీసు దేశమున పోయినవారినే చూపెడు స్థలము లుండెను.

కొరింథు ప్రభువగు పెరియాండరు కథను హెరొడోటస్ వ్రాసియున్నాడు. మిత్రుడు దాచిన సొమ్మెచ్చటనో తెలియక, అతడు తన చేతనే చచ్చిన భార్య మెలిస్సాను అడిగి రమ్మని ఎఖెరాన్ నదీతీరమునకు దూతలను బంపెను. ఆమె కనుపించి, తనతో పాతిన వస్త్రములు దహింపబడలేదు గనుక చలి బాధించుచున్నదనియు, సొమ్ము సంగతి చెప్పననియు పలికెనట! అంతట నతడు నగరస్త్రీలనెల్ల దేవాలయమునకు రప్పించి, వారి బట్టలొలిపించి కాల్పించెను. మృతురాలి చలికి బ్రదికియున్నవారి మానమా వెల?

ఈ కథలో అద్దము లేదు. అద్దము పౌసానియస్ వ్రాతలలో నున్నది. పాట్రే నగరమున డిమీటరు గుడియెదుటి ఊటలోనికి దారముతో అద్దమును దింపి, దాని యంచు నీటిని తాకగానే నిలిపి, ధూపమువేసి చూచెడివారు. రోగి బ్రదుకునో చచ్చునో అందు గనుపించునని వారి నమ్మిక.

ఎఖెరాన్ తీరమున 1958 మొదలు త్రవ్వకములు జరిపిన సోటిరియస్ డకారిస్ అను పండితుడు, దళసరి గోడలును నేలమాళిగయు గల కట్టడమును గనుగొని, మృతులతో మాటాడిన స్థల మిదియే యనెను. అందు దొరకిన లోహచక్రములు ప్రేతములను పైకెత్తు యంత్రమువని యూహించెను. మృతులను వెదకుచు వచ్చినవానికి చక్రములలోను మృతులే కనుపించిరి. పిమ్మట డీట్‌వుల్ఫ్ బాట్జ్ అవి రాళ్లను, బాణములను విసరు యుద్ధయంత్రపు తునకలని చూపెను. ఆ కట్టడము క్రీ. పూ. 167లో రోమనులు తగులబెట్టిన కోటవంటి కమతపు టిల్లని నేడు పలువురి మతము.

అయినను డకారిస్ యూహను బట్టియే అమెరికా వైద్యుడు రేమండ్ మూడీ అలబామాలో మసకచీకటి గదియొకటి యేర్పరచి, చూచువాని ప్రతిబింబము పడకుండ అద్దమును ఎత్తున నిలిపి, దుఃఖితులను కూర్చుండబెట్టెను. పలువురు తమవారిని జూచితిమనిరి. దీనిపై 1993లో గ్రంథమును ప్రకటించెను. వారు కల్లలాడిరని నేననను. వారి కన్నీరు నిజము, కొందరికి గలిగిన యూరటయు నిజమే కావచ్చును.

2010లో ఇటలీ శాస్త్రజ్ఞుడు జియోవాని కాపుటో 50 మందిని మసకవెలుతురున తమ ముఖమునే అద్దమున పదినిమిషములు చూడుమనెను. ఎవరి మరణమును వారికి గుర్తుచేయలేదు. కదలక చూచు కన్నులకు రూపము చెదరును. చెదరినదానిని మనస్సు తనకు దెలిసిన ముఖములతో బూరించును. నూటికి 66 వంతుల మందికి ముఖము వికృతముగ మారెను. 18 వంతుల మందికి తల్లియో తండ్రియో అగపడెను. అట్లు కనుపించిన తలిదండ్రులలో ఇంచుమించు సగముమంది అప్పటికి బ్రదికియే యుండిరి.