అదృష్టానికి చెల్లించిన ఋణం

ప్రతిభ గలవారు ఎక్కడున్నా రాణిస్తారన్న మాట లోకంలో తరచు వినవస్తుంది. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ జీవితాన్ని పరిశీలించినవారికి ఆ మాట సగం సత్యమేనని విదితమవుతుంది.

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడులో జన్మించి, కుంభకోణంలో పెరిగారు. తండ్రి బట్టల దుకాణంలో గుమాస్తా. 1903లో కళాశాల గ్రంథాలయం నుండి కార్ రచించిన గణిత సంగ్రహం రామానుజన్ చేతికి వచ్చింది. పరీక్షార్థుల కొరకు కూర్చిన ఆ గ్రంథంలో వేలకొద్దీ సూత్రాలున్నాయి గాని, చాలావాటికి సంపూర్ణ నిరూపణలు లేవు. ఆ లోపమే బాలునికి వరమైంది. నిరూపణలను తానే సాధించుకొనవలసి రావడంతో స్వతంత్ర చింతన అలవడింది. అయితే గణితంలోనే నిమగ్నులై ఇతర పాఠ్యాంశాలను ఉపేక్షించినందువల్ల ఉపకారవేతనం కోల్పోయారు; ఎఫ్.ఏ. పరీక్షలోనూ ఉత్తీర్ణులు కాలేకపోయారు.

1910లో గుమాస్తా ఉద్యోగం కోరి తిరుక్కోయిలూరు డిప్యూటీ కలెక్టరును ఆశ్రయించారు. ఆ అధికారి వి. రామస్వామి అయ్యరు, 1907లో భారతీయ గణిత సంఘానికి అంకురార్పణ చేసినవారు. రామానుజన్ నోటు పుస్తకం తిరగవేసి, అంతటి మేధను చిన్న ఉద్యోగంలో అణచివేయడానికి మనసొప్పక, పరిచయ లేఖ ఇచ్చి మద్రాసు పంపారు. ఆ స్థానంలో గణితమెరుగని వేరొకరు ఉన్నట్లయితే ఈ చరిత్ర అక్కడితో ముగిసేదేమో! అటుపిమ్మట తెలుగువారి నెల్లూరు జిల్లాకు కలెక్టరైన ఆర్. రామచంద్రరావు తన సొంత ధనంతో కొంతకాలం పోషించారు. 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాగిరీ లభించింది. అక్కడి పై అధికారి ఎస్. నారాయణ అయ్యరు సైతం గణితజ్ఞుడు కావడం మరొక యోగం.

ఇంగ్లండులో మొదట ఆశ్రయించిన గణిత పండితుల నుండి ఆదరణ లభించలేదు. 1913 జనవరి 16న రాసిన లేఖ కేంబ్రిడ్జిలోని జి.హెచ్. హార్డీకి చేరింది. తొలుత సందేహించినా, ఆయన దానిని పక్కన పెట్టక, సహచరుడు లిటిల్‌వుడ్‌తో కలిసి పరీక్షించారు. 1914 మార్చిలో రామానుజన్ ఓడ ఎక్కారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

దైవం మానుషరూపేణ అన్న పెద్దల మాటకు ఇంతకన్న నిదర్శనం వేరొకటి అక్కరలేదు. ప్రతిభ ఆయన సొత్తే; అహోరాత్రుల పరిశ్రమా ఆయనదే. ఒక పుస్తకం దొరకడం, ఒక లేఖను ఒకరు శ్రద్ధగా చదవడం మాత్రం ఆయన చేతిలో లేనివి. అట్టి యోగం లభించక మరుగునపడిన బాలబాలికలు ఎందరో ఎవరు లెక్కించగలరు?

ఈ సత్యం రామానుజన్‌కు తెలిసినట్లే ఉన్నది. మద్రాసు విశ్వవిద్యాలయం ఏటా 250 పౌన్ల భృతి మంజూరు చేసినప్పుడు, 1919 జనవరి 11న రిజిస్ట్రారు డ్యూస్‌బరీకి ఆయన ఒక లేఖ రాశారు. అంత ధనం తనకు అవసరం లేదనీ, ఏటా 50 పౌన్లు తల్లిదండ్రులకు చెల్లించి, తన అవసరాలకు పోగా మిగిలినది పేద, అనాథ బాలుర పాఠశాల రుసుముల తగ్గింపునకు, పాఠశాలల్లో పుస్తకాలకు వినియోగించవలసిందనీ కోరారు. అప్పటికే వ్యాధిగ్రస్తులైన ఆయన 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్ళ ప్రాయంలోనే కన్నుమూశారు.

రుసుము కట్టలేక, పుస్తకం కొనలేక చదువు ఆగిపోయే ప్రమాదాన్ని ఆయన స్వయంగా ఎరిగినవారు. తాను పొందిన అదృష్టం పేద బాలురకు పుస్తకం రూపంలో అందాలని కోరుకున్నారు. కృతజ్ఞతకు ఇంతకు మించిన రూపం లేదు. పాఠశాలలు నెలకొన్నదీ, పూర్వ విద్యార్థులు వాటిని ఆదుకోవలసినదీ ఇందుకే.