రోమను రైతు - రాజ్యభూమి

రోమను చరిత్ర యనగానే సీజరు జైత్రయాత్రలును, చలువరాతి మేడలును, మనుష్యులను మృగములతో పోరాడించిన క్రీడారంగములును జ్ఞప్తికి వచ్చును. ఇవి యన్నియు నా జాతి బలిసిన తరువాతి ముచ్చటలు. అంతకు పూర్వము రోమనుడనగా సేద్యగాడు. నేడు మనవి చేయదలచినది యా సేద్యగాని కథ. వాని పొలము వాని చేతినుండి యెట్లు జారిపోయెనో, దానిని మరల నిప్పింప బూనిన యన్నదమ్ములు ఇరువురు ఏమైరో చెప్పెదను.

ఇటలీలో టైబరు నదీతీరమున రోము వెలసినది. క్రీ. పూ. 509 ప్రాంతమున రోమనులు రాజును వెడలగొట్టి, ఏటేట ఇద్దరు కాన్సలులను ఎన్నుకొని పాలన జరుపుకొనసాగిరి. గొప్ప కుటుంబముల పెద్దలతో నిండిన సెనేటు సభ వారికి ఆలోచన చెప్పుచుండెను. సామాన్యులను కాపాడుటకు ట్రిబ్యూనులను అధికారులు పదిమంది యుండిరి. వీరిలో ఒక్కడు "కూడదు" అనినచో ఎంతటివాని యాజ్ఞయైనను నిలిచిపోవలసినదే. ట్రిబ్యూనుపై చేయి చేసికొనుట దైవద్రోహముగా నెంచబడుచుండెను. ఈ మాటను శ్రోతలు మనసున నుంచుకొనవలెను.

ఆ రాజ్యమున ఆస్తిగలవాడే సిపాయి. కొంత భూమియో సొత్తో లేనివానిని దండులో చేర్చుకొనెడివారు కారు. సిన్సినేటసు అను పెద్దమనిషి నాగలి విడిచి సేనాపతియై, శత్రువును గెలిచి, పదునారు దినములలో మరల తన పొలమునకు వచ్చెనని వారు కథగా చెప్పుకొనెడివారు. పదునారు దినముల యుద్ధమైనచో సేద్యము చెడదు. కాని క్రీ. పూ. 218లో కార్తేజి సేనాని హానిబాలు ఆల్ప్సు పర్వతములు దాటివచ్చి, ఇంచుమించు పదునైదేండ్లు ఇటలీలోనే తిష్ఠ వేసెను. ఊళ్ళు తగులబడినవి, పైరులు నశించినవి. అతడు పోయిన పిమ్మట స్పెయినులోను, గ్రీసులోను, ఆసియాలోను యుద్ధములు. రైతు సముద్రములకు ఆవల ఏండ్ల తరబడి కత్తి పట్టియుండగా ఇంట నాగలి పట్టువాడు లేడు. కొందరు అప్పులపాలైరి, కొందరు పొలమమ్ముకొని పట్టణము చేరిరి.

విచిత్రమేమనగా, వాని పొలమున వానికి బదులు దున్నుటకు వచ్చినవారిని తెచ్చినది వాని విజయమే. యుద్ధమున పట్టుబడినవారిని బానిసలుగా అమ్మెడివారు. క్రీ. పూ. 167లో ఎపైరసు దేశమున ఒక్కసారిగా 1,50,000 మందిని చెరపట్టిరని ప్రాచీనులు వ్రాసిరి. బానిసను దండునకు పిలుచువారు లేరు గనుక ధనికునకు వాడే మేలు. కేటో అను ప్రసిద్ధుడు వ్యవసాయముపై రచించిన గ్రంథమున, ముసలి యెడ్లతోను పాత పనిముట్లతోను పాటు ముసలి బానిసను, రోగి బానిసను అమ్మివేయవలెనని గృహస్థునకు బుద్ధి చెప్పెను. నీతిపరుడని పేరొందినవాని మాట యిది!

ఇక రాజ్యభూమి సంగతి. ఓడిన జాతుల భూములలో కొంతభాగమును రోమనులు రాజ్యమునకు చేర్చుకొని, దున్నుకొనువారికి విడిచెడివారు. పంటలో పదియవ వంతు చెల్లించినచో ఎవరైనను దున్నుకొనవచ్చును. ఒక్కనికి 500 జూగెరములు, అనగా సుమారు 310 ఎకరములు మించరాదని పూర్వశాసనము కలదు. దానిని ఎవరును పాటింపలేదు. తరతరముల అనుభవమువలన అది తాతలనాటి సొత్తే యని ధనికులు నమ్మిరి. సమాధులు కట్టుకొనిరి, తోటలు వేసిరి, కూతుళ్ళకు కట్నముగ నిచ్చిరి. పరుల సొమ్మని వారికి చెప్పి ఒప్పించుట ఎంత కష్టమో పల్లెపెద్దలకు నేను వివరింప నక్కరలేదు.

హానిబాలును ఓడించిన సిపియో దౌహిత్రుడు టైబీరియసు గ్రాకసు. అతడు ఎట్రూరియా ప్రాంతమున పోవుచు, పొలములలో పరదేశపు బానిసలు తప్ప స్వతంత్రుడైన రైతు కానరాకుండుట చూచి చింతించెనని అతని తమ్ముడు వ్రాసినాడట. క్రీ. పూ. 133లో ట్రిబ్యూనై, పాత హద్దును మరల నిలిపి, కుమారులకు మరికొంత విడిచి, మిగిలినది బీదలకు పంచవలెననియు, వారు దానిని అమ్ముకొనరాదనియు శాసనము తెచ్చెను. తోటి ట్రిబ్యూను ఆక్టేవియసు "కూడదు" అనెను. ఎంత బతిమాలినను వినలేదు. టైబీరియసు ప్రజలచేత ఓటు వేయించి అతనిని పదవినుండి తొలగించెను.

శాసనము న్యాయమైనదే, ఈ పని మాత్రము తొందరపాటని నా యభిప్రాయము. ట్రిబ్యూనునకు కంచెగా నున్న పవిత్రతను అతడే సడలించెను. ఆ యేడే మరల ఎన్నికకు నిలువగా, ప్రధానార్చకుడైన సిపియో నాసికా ముందు నడువ, సెనేటరులు విరిగిన బల్లల కోళ్ళతో అతనిని కొట్టి చంపిరి. అతనితో చచ్చినవారు సుమారు 300 మంది. శవములను టైబరులో పారవైచిరి.

అయినను భూమి కొలుచు ముగ్గురు కమిషనర్ల పని సాగెను. వారు నాటిన సరిహద్దు రాళ్ళు కొన్ని ఇటలీలో దొరకినవి. కమిషనర్ల పేర్లు వానిపై నేటికిని చదువవచ్చును. పురాతత్త్వజ్ఞుల పరిశోధనవలన చిన్న కమతములు నాడు అనేకచోట్ల నిలిచియే యున్నవని తేలినది గనుక, రైతు పూర్తిగా నశించెననుట అతిశయోక్తి. కొన్ని సీమలలో మాత్రము నష్టము నిజమే.

తమ్ముడు గేయసు క్రీ. పూ. 123లో ట్రిబ్యూనయ్యెను. పట్టణపు బీదలకు చౌకధరకు ధాన్యమిప్పించెను, బాటలు వేయించెను, కార్తేజి నేలపై వలస నెలకొల్పబూనెను. రెండేండ్లకే, క్రీ. పూ. 121లో, అతడును ప్రాణము కోల్పోయెను. అతని పక్షమువారు మూడువేలమంది చచ్చిరని చెప్పుదురు. పిదప పంచిన భూమిని అమ్ముకొనవచ్చునని శాసనము మార్చిరి. ధనికులు వెంటనే కొనసాగిరి.

క్రీ. పూ. 107లో సేనాపతి మేరియసు ఆస్తిలేనివారిని గూడ దండులో చేర్చుకొనెను. వారికి తిరిగిపోవుటకు పొలము లేదు; భూమి ఇప్పించు సేనాపతియే వారికి ప్రభువు. అట్టి సేనతోనే క్రీ. పూ. 88లో సల్లా సొంత నగరమైన రోముపై దండెత్తెను. తరువాత అతడు తన సిపాయిలకు పంచిన భూములు, తనకెదురు నిలిచిన ఇటలీ ఊళ్ళనుండి లాగుకొన్నవే.