మదనపల్లె చరిత్రలో డేనిష్ వైద్యుల రచన

మదనపల్లె సాహిత్య ప్రస్తావన 1919లో రవీంద్రనాథ ఠాగూరు అక్కడ చేసిన ‘జనగణమన’ ఆంగ్లానువాదంతో మొదలుకావడం పరిపాటి. ఆ పట్టణానికి చేరువలోని ఆరోగ్యవరంలో సాగిన మరొక రచనా వ్యాసంగం మాత్రం వైద్యచరిత్రకే పరిమితమైపోయింది.

డెన్మార్కుకు చెందిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అక్కడి క్షయ చికిత్సాలయాన్ని తీర్చిదిద్దాడు. యొహానెస్ ఫ్రిమోట్ మోలర్ 1950–55 మధ్య పరిసర గ్రామాలలో జరిపిన క్షయ పరిశీలన 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడింది. క్షయ వ్యాప్తిని తెలుసుకోవడం కోసం రూపొందిన ఆ ఆంగ్ల రచన నేడు ఆ పల్లెల చరిత్రకు ఆధారం కూడా. అయితే గణాంకాలు రోగాన్ని కొలుస్తాయి. రోగి మాటను నమోదు చేయవు. ఆ మాటను స్థానికుల జ్ఞాపకాల నుండి సేకరించి, ఈ రచనతో జోడించి చదివినప్పుడే మదనపల్లె చరిత్ర సమగ్రమవుతుంది.