శునకాహార విచారము

రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వపు తొలిభాగముననే యొక కుక్కపిల్ల కథ యున్నది. జనమేజయుడు యజ్ఞము చేయుచుండగా సరమ యను దేవశునకపు బిడ్డ అచ్చటికి బోయెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది హవిస్సును నాకలేదు. కన్నెత్తి చూడనైన లేదు. అంతట సరమ వచ్చి, ఏ తప్పును చేయని నా బిడ్డ నేల కొట్టితిరని యడిగెను. సంస్కృతమూలమున నా ప్రశ్నకు బదులు చెప్పినవారు లేరు. ఆ రాజకుమారులు విచారింపక కొట్టిరి. మనము విచారింపక పెట్టుచున్నాము. విచారము లేనిచోట ప్రేమకూడ బాధకు కారణము కావచ్చును.

ఇది పరోపదేశము గాదు. కొన్నియేండ్లక్రిందట మా యింట నొక కుక్కపిల్లను బెంచితిమి. ఉదయము గంజి, రాత్రి పలుచని మజ్జిగ పోసిన యన్నము, పండుగనాడు మిగిలిన పరమాన్నము దానికి బెట్టెడివారము. పిల్ల బొద్దుగనే యుండెను. నాలుగవనెల దాటుసరికి ముంగాళ్లు వంకరపోయెను. పశువైద్యుడు చూచి, “తిండి తక్కువ కాలేదు మాస్టారూ, తిండిలో కాల్షియము తక్కువైనది” అనెను. బడిలో బాలురకు సమతులాహారమును గూర్చి పాఠము చెప్పి, యింటికి వచ్చి ఆ పిల్లకు గంజి పోసినవాడను నేను. దాని నడక మరల చక్కబడలేదు.

కుక్కకు అన్నము పెట్టుటయే తప్పా? కాదు. గృహస్థుడు కుక్కలకుగూడ నన్నమును మెల్లగా నేలపై నుంచవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. 1847 మొదలు 1852 వరకు కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన పిమ్మట ఈ సీమ వరిపొలముల సీమయైనది. మనము తిన్నదే మన కుక్కయు తిన్నది. అది దానికి బొత్తిగా సరిపడని తిండి కాదని 2013లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు చూపిరి. పిండిపదార్థమును జీర్ణముచేయు ఎంజైమునకు సంబంధించిన జన్యువు తోడేలునకు రెండు ప్రతులే యుండగా, కుక్కలకు నాలుగు మొదలు ముప్పది వరకు నున్నవి. మనుష్యుని యింట మెతుకులు తినితిని దాని జాతియే మారినది. కాని యన్నము జీర్ణమగుట వేరు, అన్నమొక్కటే చాలుట వేరు.

ఈ భేదమును మానవులకు నేర్పినవి కుక్కలే. 1919లో ఇంగ్లాండున ఎడ్వర్డు మెల్లన్బీ కుక్కపిల్లలకు లోపభూయిష్టమైన తిండి పెట్టి రికెట్సు కలిగించి, కాడ్‌లివరు నూనెతో దానిని నివారింపవచ్చునని చూపెను. 1937లో అమెరికాయందు ఎల్వేహెము కుక్కల నల్లనాలుక వ్యాధిని నికోటినికామ్లముతో కుదిర్చెను. మనుష్యుల పెల్లాగ్రాకు మందు దానివలననే దొరికినది. మన హైదరాబాదుననే, నేడు జాతీయ పోషకాహార సంస్థగా పేరొందిన పరిశోధనశాలలో, గోపాలనుగారును వారి సహచరులును జొన్న ప్రధానమైన యాహారముతో కుక్కలకు నల్లనాలుక కలుగుట చూపి 1965లో ప్రకటించిరి. జొన్న తిను పేదల పెల్లాగ్రాను తెలిసికొనుటకై కుక్క జబ్బుపడినది. ఆ విద్యతో మన బిడ్డల కాళ్లు నిలిచినవి. కుక్కపిల్లకు మాత్రము మరల గంజియే.

డబ్బు గలవారు దుకాణపు తిండి కొని ఋణము తీరినదనుకొందురు. 1860 ప్రాంతమున లండనులో జేమ్సు స్ప్రాటు అనునతడు కుక్కల బిస్కత్తులు చేసి యమ్మినది మొదలు ఈ వ్యాపారము పెరిగినది. సంచిపైని బొమ్మను గాక వెనుకనున్న చిన్న యక్షరములను జదువవలెను. ఒక డబ్బాపై మాంసకృత్తులు నూటికి 8 అనియు, నీరు 78 అనియు నుండును. ఒక పొడితిండి సంచిపై మాంసకృత్తులు 22, నీరు 10 అని యుండును. రెండవదే మేలని తోచును. నీటిని తీసివేసి లెక్కింపుడు: మొదటిది 22 పాళ్లలో 8, అనగా నూటికి 36; రెండవది 90లో 22, అనగా 24. అమెరికాలోని పశ్వాహార నియంత్రణాధికారుల సంఘము నీరు తీసిన లెక్కన పెద్దకుక్కకు 18, పెరుగు పిల్లకు 22.5 కనీసమని నిర్ణయించినది. మాంసకృత్తు లొక్కటే చాలవు గనుక, అది ఏ వయసు కుక్కకు సంపూర్ణాహారమో సంచిపై వ్రాసియున్నదా యనియు చూడవలెను.

ఇంట వండి పెట్టువారును నిశ్చింతగా నుండరాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురును చెరచును. ద్రాక్ష మూత్రపిండములకు విషము. ఉడికిన యెముక పేగును చీల్చును. ఎండలో తిరుగుచున్నదిగదా యని ధైర్యపడుటయు తగదు. మనవలె కుక్క తన చర్మమున డి విటమినును చాలినంత చేసికొనజాలదు. అన్నముతో గ్రుడ్డును, ముల్లు తీసిన చేపను గలిపినను, కాల్షియము పాలు ఎంతయో వైద్యుని యడిగి తెలిసికొనవలసినదే.

మా కుక్క యిప్పటికిని కుంటుచునే వాకిటికి ఎదురువచ్చును. దానికి నాపై కోపము లేదు. సరమ మాత్రము దాని వెనుక నిలిచి యడుగుచున్నట్లుండును. నావద్దను బదులు లేదు; మీ యింట పిల్ల యున్నయెడల మీవద్ద ఇంకను వ్యవధి యున్నది.